చదువుకునే రోజుల్లో స్ప్రింట్ రేసే చాలు

నేను ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే రేసు) చేస్తానని తెలియగానే జూనియర్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అక్కా, హాఫ్ ఐరన్‌మ్యాన్ ఎప్పుడు చేస్తవ్?" హాఫ్ అంటే ఒకే రోజు 1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు. 2019లో గోవాలో ఈ రేసు మొదలైంది. 2024 అక్టోబరులో ఎంపీ తేజస్వి సూర్య దాన్ని పూర్తిచేసిన వార్త అందరి ఫోన్లలోకీ వచ్చాక ఆ ఊపు మన కాలేజీలను కూడా తాకింది. నేను నల్గొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను, డిగ్రీ నుంచీ ఈ ఆటలో ఉన్నాను. అడిగిన ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఇదే: చదువు అయ్యేదాకా హాఫ్ జోలికి పోవద్దు, స్ప్రింట్ చెయ్యండి. 750 మీటర్ల ఈత, 20 కి.మీ. సైకిల్, 5 కి.మీ. పరుగు. అందులో గట్టిపడ్డాక, ఒక సెమిస్టర్ కొంచెం తేలిగ్గా ఉంటే, ఒలింపిక్ దూరం చెయ్యండి. అంతే.

ఈ మాట చాలామందికి రుచించదు. స్ప్రింట్ అంటే చిన్నపిల్లల రేసు అనుకుంటారు. కానీ సిడ్నీలో 2000లో ట్రయాథ్లాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పటి నుంచీ అక్కడ వ్యక్తిగత పోటీ దూరం 1.5 కి.మీ. ఈత, 40 కి.మీ. సైకిల్, 10 కి.మీ. పరుగు. 2024లో పారిస్‌లో అలెక్స్ యీ దాన్ని గంటా 43 నిమిషాల్లో ముగించి స్వర్ణం తెచ్చుకున్నాడు. ప్రపంచంలో అందరికన్నా వేగంగా ఈ మూడూ చేయగలిగినవాళ్లు పోటీ పడేది రెండు గంటల లోపు రేసులో. దూరం పెరిగితేనే గొప్ప అనే కొలత ఎవరు పెట్టారో గానీ, అది విద్యార్థులకు చాలా నష్టం చేస్తోంది.

చదువునూ ట్రైనింగునూ సర్దుకోవడం అనగానే అందరూ టైంటేబుల్ గురించే మాట్లాడతారు. పొద్దున నాలుగున్నరకు లేవాలి, ఫోన్ పక్కన పెట్టాలి, ఆదివారం వదలకూడదు. ఇవన్నీ మంచివే. అసలు లెక్క వేరే ఉంది. స్ప్రింట్‌కు వారానికి ఐదారు గంటలు చాలు. హాఫ్‌కు తొమ్మిది, పది గంటలు పెట్టాలి, రేసు దగ్గరపడే కొద్దీ ఇంకా పెరుగుతాయి. పైగా అవి ముక్కలుగా పెట్టే గంటలు కావు. శనివారం నాలుగు గంటలు సైకిల్ మీద, ఆదివారం రెండు గంటలు పరుగు. మిగిలిన ఆదివారం మంచం మీద. పది నుంచి నాలుగింటి దాకా క్లాసులు, మధ్యలో ల్యాబ్, రాత్రి రికార్డు రాయడం, వారం చివర ఇంటర్నల్‌కు చదవడం ఉన్న మనిషికి ఆ అదనపు గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? 75 శాతం హాజరు ఉండాలి కాబట్టి క్లాసులోంచి రావు. తిండి మానలేం. ఇక మిగిలింది నిద్ర. ఎంత క్రమశిక్షణ ఉన్నవాళ్లయినా చివరికి కోత పెట్టేది అక్కడే.

నిద్ర తగ్గితే రెండు వైపులా పోతుంది. 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చెరీ మా అనే పరిశోధకురాలు 11 మంది బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల చేత 5 నుంచి 7 వారాల పాటు రోజూ కనీసం 10 గంటలు పడక మీద గడిపించింది. కొత్త వ్యాయామం ఏదీ లేదు. వాళ్ల పరుగు వేగం పెరిగింది, బుట్టలో బంతి వేసే కచ్చితత్వం పెరిగింది. వాళ్లు కూడా కాలేజీ విద్యార్థులే. మనం పగలు చదివింది మెదడులో కుదురుకునేదీ, పొద్దున అలసిన కండరం మరమ్మతు అయ్యేదీ ఆ నిద్రలోనే. పొద్దున నాలుగింటికి లేచి 30 కి.మీ. తొక్కి, రాత్రి పన్నెండింటి దాకా చదివానని గర్వంగా స్టేటస్ పెట్టుకునే తమ్ముళ్లను, చెల్లెళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. అందులో చదువూ సరిగా ఎక్కదు, ట్రైనింగూ ఒంటికి పట్టదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు క్యాలెండర్‌లో ఉంది. మన దగ్గర ట్రయాథ్లాన్‌కు అనువైన కాలం అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. నల్గొండలో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు పొద్దున ఏడింటికే రోడ్డు కాగిపోతుంది. సెమిస్టర్ పరీక్షలు, ప్రాక్టికల్స్, ప్రాజెక్టు సమర్పణలు కూడా చాలావరకు ఆ చలికాలం మీదే వచ్చి పడతాయి. అంటే రేసుకు గట్టిగా తయారవ్వాల్సిన నెలలోనే పుస్తకం ముందు గట్టిగా కూర్చోవాలి. దీన్ని ఏ టైంటేబులూ మార్చలేదు.

ఇక్కడే ఒక పాత ప్రయోగం నాకు చాలా పనికొచ్చింది. 1980ల మొదట్లో రాబర్ట్ హిక్సన్ అనే అమెరికన్ పరిశోధకుడు కొందరి చేత రోజుకు 40 నిమిషాలు, వారానికి ఆరు రోజులు, 10 వారాలు గట్టి వ్యాయామం చేయించాడు. తర్వాత 15 వారాల పాటు తీవ్రత అలాగే ఉంచి సమయం మాత్రం తగ్గించాడు, కొందరికి 26 నిమిషాలకు, కొందరికి 13 నిమిషాలకు. శరీరం ఆక్సిజన్‌ను వాడుకోగల గరిష్ఠ శక్తి రెండు గుంపుల్లోనూ తగ్గలేదు. కానీ 13 నిమిషాలే చేసినవాళ్లకు దీర్ఘంగా శ్రమించే ఓపిక తగ్గింది. తర్వాత చేసిన ఇంకో ప్రయోగంలో సమయం అలాగే ఉంచి తీవ్రత తగ్గిస్తే ఆ గరిష్ఠ శక్తి కూడా పడిపోయింది.

విద్యార్థికి దీని అర్థం ఏమిటి? పరీక్షల నెలలో రోజుకు పావుగంట, ఇరవై నిమిషాలు గట్టిగా పరుగెత్తితే స్ప్రింట్ రేసుకు కావలసిన బలం నిలుస్తుంది. హాఫ్‌కు కావలసిన బలం నిలవదు. పరీక్షలు అయిపోయిన రెండు, మూడు వారాల్లో స్ప్రింట్ రేసు గేటు దగ్గర ధైర్యంగా నిలబడొచ్చు. హాఫ్ కోసం మళ్లీ మొదటి నుంచి పేర్చుకుంటూ రావాలి, లేదంటే పరీక్షల్లో కూడా పొడవాటి రైడ్లు వదలకూడదు. చదువుకునే మనిషికి చిన్న దూరమే సరైనదని నేను అనడానికి ఒకే కారణం చెప్పమంటే ఇదే చెప్తాను.

"ఇప్పుడు చేయకపోతే ఇంకెప్పుడు చేస్తాం? ఉద్యోగం వచ్చాక టైం ఉండదు కదా" అంటారు. పెద్ద దూరాల్లో గెలిచిన వాళ్లు ఎలా వచ్చారో చూడండి. జర్మనీకి చెందిన యాన్ ఫ్రోడెనో 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో చిన్న దూరంలో స్వర్ణం గెలిచాడు. హాఫ్‌కు రెట్టింపు దూరం ఉండే పూర్తి ఐరన్‌మ్యాన్‌లో, హవాయిలో, ప్రపంచ టైటిల్ 2015లో వచ్చింది, తర్వాత 2016లో, 2019లో మళ్లీ గెలిచాడు. నార్వే క్రిస్టియన్ బ్లమెన్‌ఫెల్ట్ కూడా టోక్యోలో ఒలింపిక్ స్వర్ణం తీసుకున్నాకే పూర్తి ఐరన్‌మ్యాన్ వైపు వెళ్లాడు. ముందు వేగం, తర్వాత దూరం. వయసుతో వేగం ముందు తగ్గుతుంది, ఓపిక చాలా ఏళ్లు నిలుస్తుంది. హాఫ్, ఫుల్ రేసుల్లో ముప్పైలు, నలభైల్లో ఉన్నవాళ్లు కుప్పలుగా కనిపించేది అందుకే. వాళ్ల చేతిలో జీతం ఉంటుంది, ఆదివారం తమది అవుతుంది. ఇరవై ఏళ్ల వయసులో మనకు ఉన్నది వేగం, దాన్ని ఇప్పుడు పెంచుకోకపోతే తర్వాత కష్టం.

ఇంత వరకూ ఏ ఊరి విద్యార్థికైనా వర్తిస్తుంది. మన జిల్లాల సంగతి వేరు, ఇక్కడ ప్రతి భాగానికీ ఒక అడ్డంకి ఉంది.

సైకిల్ తీసుకుందాం. నల్గొండ నుంచి నార్కట్‌పల్లి పోయి వస్తే దాదాపు 40 కి.మీ. అవుతుంది. అద్దంకి దాకా పోయే నాలుగు వరుసల రోడ్డు, ఒలింపిక్ దూరానికి బాగా సరిపోతుంది. నార్కట్‌పల్లి దగ్గర 65వ జాతీయ రహదారి ఎక్కకుండా వెనక్కి తిరగాలి, హైదరాబాద్–విజయవాడ లారీల మధ్య సైకిల్ తొక్కే ధైర్యం ఎవరూ చేయొద్దు. సాగర్ వైపు హాలియా రోడ్డు కూడా బాగుంటుంది. అయితే కోతల కాలం వచ్చిందంటే రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. అంచుల్లో రాళ్లు, పైన పరదాలు. కల్లాలు చాలక రైతులు అలా చేస్తారు, అవి వాళ్ల ఏడాది కష్టం, నాకు వాళ్ల మీద కోపం లేదు. కానీ సన్నటి టైరు గింజల మీదికి ఎక్కితే జారుతుంది, చీకట్లో ఆ రాళ్లు కనపడవు. వానాకాలం పంట కోతలు సరిగ్గా మన రేసుల కాలంలోనే వస్తాయి. 20 కి.మీ. రేసుకు తయారయ్యేవాళ్లు ఖాళీగా ఉన్న ఐదు కిలోమీటర్ల ముక్క మీద అటూ ఇటూ తిరిగి సరిపెట్టుకోవచ్చు. 90 కి.మీ. రేసుకు తయారయ్యేవాళ్లు వడ్ల కుప్పలు, ట్రాక్టర్లు, కుక్కలు అన్నీ దాటుకుంటూ గంటల తరబడి రోడ్డు మీదే ఉండాలి. ప్రమాదం ఎన్ని గంటలు రోడ్డు మీదుంటే అంత పెరుగుతుంది.

పరుగు ఒక్కటే మనకు కష్టం లేనిది. పానగల్లు వైపు పొండి, ఉదయ సముద్రం కట్ట పక్కన పొద్దున చల్లగా ఉంటుంది, ఛాయా సోమేశ్వరాలయం దాకా పోయి రావొచ్చు. మహబూబ్‌నగర్ వాళ్లకు పెద్దచెరువు కట్ట ఉంది, పిల్లలమర్రి రోడ్డు ఉంది.

ఈత గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. మన పల్లెల్లో చాలామందికి ఈత వచ్చు. నడుముకు బెండ్లు కట్టి వ్యవసాయ బావిలో దింపితే నాలుగు రోజుల్లో తేలడం వచ్చేస్తుంది, నాకూ మా మేనమామ అలాగే నేర్పాడు. ఆ ఈతలో తల ఎప్పుడూ నీళ్ల పైనే ఉంటుంది. తల లేస్తే కాళ్లు కిందికి దిగుతాయి, కాళ్లు దిగితే నీరు వెనక్కి లాగుతుంది. బావిలో పది నిమిషాలు ఆడుకోవడానికి అది చాలు, 750 మీటర్లకు చాలదు. ముఖం నీళ్లలో పెట్టి, పక్కకు తిప్పి ఊపిరి తీసుకోవడం పూల్‌లో మళ్లీ నేర్చుకోవాల్సిందే. 25 మీటర్ల పూల్‌లో 750 అంటే 30 లెంగ్తులు. లేడీస్ బ్యాచ్‌కు ఇచ్చే గంటలో వేడెక్కడం, మెళకువలు, 30 లెంగ్తులు అన్నీ సరిపోతాయి. హాఫ్ దూరానికి 76 లెంగ్తులు కొట్టాలంటే ఒక గంట బ్యాచ్‌లో మెళకువలకు చోటే ఉండదు.

పూల్ దొరకడం లేదని కొందరు కాలువల్లో దిగుతున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. సాగర్ ఎడమ కాలువ గానీ, ఏఎంఆర్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలు గానీ బయటికి నెమ్మదిగానే కనిపిస్తాయి. గట్లు సిమెంటుతో ఏటవాలుగా ఉంటాయి, మీద నాచు పడితే చేతికి పట్టు దొరకదు, లోపల ప్రవాహం లాగుతూనే ఉంటుంది. ఎంత ఈత వచ్చినా ఎక్కడ ఎక్కాలో తెలియదు. జూరాల దగ్గర కృష్ణలో మొసళ్లు కూడా ఉన్నాయి. ప్రతి ఎండాకాలం చదువుకునే పిల్లలు కాలువల్లో, చెరువుల్లో మునిగిపోయిన వార్తలు జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం. రేసులో గురి చూసుకుంటూ ఈదడం కావాలంటే పూల్‌లోనే ప్రతి ఆరేడు బారలకోసారి కళ్లు పైకెత్తి ఎదుటి గోడ మీద ఒక గుర్తు చూడండి. అలవాటవుతుంది. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడపిల్లలకు హైదరాబాద్ దాకా ఎక్స్‌ప్రెస్ బస్సు ఉచితం, అప్పుడప్పుడు ఒక ఆదివారం అక్కడి 50 మీటర్ల పూల్‌కు పోయి రావడం ఇదివరకంత భారం కాదు.

ఆడపిల్లలకు ఇంకో లెక్క ఉంది. జనవరిలో ఆరున్నర దాటితే గానీ వెలుగు రాదు. చీకట్లో ఒంటరిగా పోవద్దని ఇంట్లో వాళ్లు అనడంలో న్యాయముంది. ఆరున్నరకు బయల్దేరి తొమ్మిదింటికి కాలేజీకి తయారవ్వాలంటే స్నానం, తిండి పోగా మధ్యలో మిగిలేది గంటన్నర లోపే. స్ప్రింట్ ట్రైనింగ్‌లో ఒక రోజు పని సరిగ్గా అంతే: ముప్పై, నలభై నిమిషాలు సైకిల్, దిగీ దిగగానే షూ మార్చుకుని పదిహేను నిమిషాల పరుగు. సైకిల్ దిగిన కాళ్లు మొదటి కిలోమీటరు బరువుగా, కొత్తగా అనిపిస్తాయి, ఆ బరువు అలవాటు చేసుకోవడమే ఈ పనిలో ముఖ్యం. హెల్మెట్ తీయడం, షూ వేసుకోవడం ఇంటి వాకిట్లో సాధన చేస్తే చాలు, స్ప్రింట్ రేసులో అక్కడ మిగిలే సెకన్లే స్థానాన్ని మారుస్తాయి.

తిండి విషయం చెప్పకుండా ఉండలేను. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువ ఉన్న ఒంటితో గంటల తరబడి శ్రమ చేస్తే ఏమవుతుంది? ఆయాసం, తల తిరగడం, క్లాసులో కళ్లు మూతపడటం. చాలామంది దాన్ని బద్ధకం అనుకుని ఇంకా గట్టిగా ట్రైనింగ్ చేస్తారు. మొదలుపెట్టే ముందే హిమోగ్లోబిన్ చూపించుకోండి. తినే తిండి చేసే శ్రమకు చాలకపోతే నెలసరి తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి. ఈ స్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. నెలసరి ఆగిపోతే ఫిట్‌నెస్ వచ్చిందని మురిసిపోయే మాటలు జిమ్ముల్లో విన్నాను, అది తప్పు, వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలి. హాస్టల్ మెస్‌లో అన్నం, పప్పుచారు ఉంటాయి, ప్రొటీన్ తక్కువ. మన పాలమూరు పల్లీలు, రెండు ఉడకబెట్టిన గుడ్లు, జొన్నరొట్టె, రాగి అంబలి, బెల్లం, ఇవి చాలు. ఖరీదైన పొడి డబ్బాలు అక్కర్లేదు. చెమట ఎక్కువ పోయిన రోజు ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగకండి, ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఓఆర్ఎస్ ప్యాకెట్ కలుపుకోండి.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. హాఫ్‌కు ఎంట్రీ ఫీజు, ప్రయాణం, సైకిల్ రవాణా, హోటల్ అన్నీ కలిపితే ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఎదురుచూసే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. స్ప్రింట్‌కు సెకండ్ హ్యాండ్ గేర్ సైకిల్, మంచి బ్రేకులు, హెల్మెట్ చాలు.

ట్రైనింగులో తీవ్రత ఎప్పుడు పెట్టాలో కూడా చదువును చూసే నిర్ణయించుకోవాలి. స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రవేత్త పెద్ద క్రీడాకారుల ట్రైనింగ్‌ను గమనించి చెప్పిందేమిటంటే, వాళ్లు చేసే సెషన్లలో దాదాపు 80 శాతం తేలికైనవే, పక్కవాళ్లతో మాట్లాడుతూ చేయగలిగినవి. మన వాళ్లు తలకిందులుగా ప్రతిరోజూ సగం గట్టిగా చేస్తారు. తేలిక పరుగు చేసి క్లాసుకు పోతే మనసు చురుగ్గా ఉంటుంది. గట్టి ఇంటర్వెల్స్ (మధ్య మధ్య ఆగుతూ చేసే వేగపు పరుగులు) చేసి పోతే మధ్యాహ్నం క్లాసులో కూర్చోలేం. నాకు ప్రాక్టికల్స్ ఉన్న రోజు మూడు గంటలు టైట్రేషన్ల ముందు నిలబడాలి, ఆ నిలబడటం కాళ్లకు శ్రమే. అందుకే ల్యాబ్ రోజు ఈత తప్ప ఇంకేమీ పెట్టుకోను. మీ టైంటేబుల్ చూసి మీరు పెట్టుకోండి.

మా అమ్మ ఇప్పటికీ "పరీక్షలు దగ్గరికొచ్చినయ్, ఇంక సైకిలేంది బిడ్డా?" అంటుంది. పెద్దవాళ్ల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇంట్లో మొదటిసారి పీజీ దాకా వచ్చిన ఆడపిల్ల మీద ఎంత ఆశ ఉంటుందో నాకు తెలుసు. హాఫ్ కోసం తయారయ్యే పిల్ల అమ్మకు ఈ ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పలేదు, ఎందుకంటే ఆ ట్రైనింగ్ పరీక్షలకు నిజంగానే అడ్డొస్తుంది. స్ప్రింట్ చేసే పిల్ల "పరీక్షల్లో రోజుకు ఇరవై నిమిషాలే అమ్మా" అని చెప్పి, అలాగే చేసి చూపించగలదు. ఇల్లు మన వెంట ఉండటం కన్నా పెద్ద బలం ఈ ఆటలో లేదు.

ఇంకో సంగతి. నల్గొండలో ఏ గ్రౌండ్‌కైనా పొద్దున పొండి, కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం 1600 మీటర్లు, 800 మీటర్లు ప్రాక్టీస్ చేసే అబ్బాయిలు, అమ్మాయిలు గుంపులుగా కనిపిస్తారు. వాళ్లకు ఉన్న వేగం చూస్తే నాకు ఆశ పుడుతుంది. వాళ్లలో చాలామందికి బావి ఈత వచ్చు, సైకిల్ మీద బడికి పోయి వచ్చినవాళ్లే. వాళ్లకు 90 కి.మీ. రేసు చూపిస్తే అది హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ వాళ్ల ఆట అనుకుని పక్కకు పోతారు. స్ప్రింట్ చూపిస్తే నెల రోజుల్లో మొదలుపెడతారు.

అందుకే మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం కలిసి అంతర కళాశాలల పోటీల్లో కబడ్డీ, ఖోఖో, అథ్లెటిక్స్ పక్కన ఒక స్ప్రింట్ ట్రయాథ్లాన్ పెట్టాలని నా కోరిక. పూల్‌లో 30 లెంగ్తులు, పోలీసుల సాయంతో ఒక ఆదివారం పొద్దున రెండు గంటలు ఒక వైపు మూసిన రోడ్డు మీద 20 కి.మీ., 400 మీటర్ల ట్రాక్ మీద పన్నెండున్నర రౌండ్లు. ఇద్దరు లైఫ్‌గార్డులు, ఒక అంబులెన్స్, టైం రాసుకునే విద్యార్థులు చాలు. జనవరి చివర్లో పెడితే వానాకాలం వడ్లు రోడ్ల మీది నుంచి ఎత్తేసి ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు, సెమిస్టర్ పరీక్షలు చాలా కాలేజీల్లో అయిపోయి ఉంటాయి. నీళ్ల స్టాళ్ల దగ్గర నిలబడటానికి, లెంగ్తులు లెక్కపెట్టడానికి మా క్లాసులోనే కొందరు పేర్లు ఇచ్చారు. మీ కాలేజీలో పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్‌తో మీరు కూడా ఈ సెమిస్టర్ మొదట్లోనే మాట్లాడండి, క్యాలెండర్ ఖరారయ్యేది అప్పుడే.